మజ్జిగ తాగిన గేమ్ కన్సోల్

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. ఇరవై మూడేళ్ళ వయసు, కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్, ఆపైన అమెరికాలో ఎమ్మెస్ సీటు. ఇక నన్ను పట్టుకునేవాళ్ళెవరు? క్యారీ అనే ఊళ్ళో ఒక అంకుల్, ఆంటీల ఇంట్లో మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. వాళ్ళు వరంగల్ నుంచి ఏనాడో వచ్చి స్థిరపడినవాళ్ళు. ఇంట్లో మిక్సీ ఆగినా, తలుపు కిర్రుమన్నా "మెకానికల్ మేడమ్‌ను పిలువున్రి" అని అంకుల్ నవ్వేవారు. నేను దాన్ని పొగడ్తగానే తీసుకునేదాన్ని (ఇప్పుడు ఆలోచిస్తే కాదేమో అనిపిస్తుంది).

ఆ ఇంట్లో వంటగది పక్క చిన్నగదిలో బూడిదరంగు పాత గేమ్ కన్సోల్ ఒకటి, దానికోసమే పారెయ్యకుండా ఉంచిన లావుపాటి టీవీ ఒకటి ఉండేవి. పిల్లలవేమో అనుకున్నాను. కాదు, ఆంటీవి. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆంటీ గంటసేపు దాని ముందు కూర్చుని, పైనుంచి రాలే ముక్కల్ని వరసగా పేర్చే ఆట ఆడేవారు. ఆ గంటలో ఫోన్ ఎత్తరు, తలుపు తియ్యరు. ఆ గదిలో ఎవరూ ఏమీ తినకూడదు, తాగకూడదు. ఇంట్లో ఉన్న రూలు అదొక్కటే.

ఐసెలిన్‌లో చెల్లెలి కూతురి హాఫ్ శారీ ఫంక్షన్ ఉందని ఆంటీ వారం రోజులకు వెళ్ళారు. వెళ్ళిన రోజే నేను ఆ గదిలో చేరాను. ఊరికే చేరానా, చేతిలో ఉప్పూ అల్లమూ కరివేపాకూ దట్టించిన మజ్జిగ గ్లాసు! మూడో ఆటలో ఒక పొడుగు ముక్క అడ్డంగా వచ్చిందని కంగారుపడి మోచెయ్యి విసిరాను. గ్లాసెడు మజ్జిగా గాలి కోసం పెట్టిన సందుల్లోంచి గటగటా లోపలికి దిగిపోయింది. ఎర్ర లైటు ఒకసారి మిణుక్కుమని ఆరిపోయింది.

ఆఫీస్ నుంచి వచ్చిన అంకుల్ సంగతి విని సోఫాలో కూలబడ్డారు. "అయ్యో బిడ్డా, నా లాప్‌టాప్ మీద పోసినా బాగుండు. ఆమెకు తెలిస్తె మనిద్దరం గరాజ్‌లనే పండాలె," అన్నారు. కాస్త తేరుకుని, "ఆదివారం లోపల ఓపెన్ చేసి సాఫ్ చెయ్యి. నువ్వు ఇంజనీర్‌వి గదా!" అని భారం నామీద పెట్టేశారు.

చెయ్యడానికేముంది, తిరగేసి స్క్రూలు విప్పితే సరి అనుకున్నాను. తిరగేస్తే ఆరు లోతైన గుంటలు, ఒక్కొక్కదాని అడుగున ఒక్కో స్క్రూ. వాటి తలమీద గీతా లేదు, ప్లస్ గుర్తూ లేదు. గుండ్రటి బొడిపె చుట్టూ ఆరు గాట్లు, అంతే. మామూలు స్క్రూ అయితే పనిముట్టు తలలో దూరుతుంది, దీనికి తల మీద టోపీలాగా తొడగాలి. అంకుల్ గరాజ్‌లో ఉన్నవన్నీ గుచ్చి చూశాను, ఒక్కటీ పట్టలేదు. కన్సోల్‌ని చంకన పెట్టుకుని హార్డ్‌వేర్ షాప్‌కి వెళదామంటే దారిలో తెలిసినవాళ్ళు కనబడితే ఇంకేమైనా ఉందా, సాయంత్రానికల్లా ఐసెలిన్‌లో కబురు! అప్పుడు నా ఇంజనీరింగ్ బుర్రకు ఒక మెరుపు మెరిసింది. చపాతీ పిండి కలిపి ఆ గుంటల్లోకి నొక్కి, స్క్రూ తల అచ్చు తీశాను. మూడు గుంటల్లోంచి అచ్చులు చక్కగా వచ్చాయి. మిగతా మూడింట్లో పిండి ఇరుక్కుపోయింది.

అచ్చుల్ని స్టీలు డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను. షాపులో ఒక తెల్లాయన, పెద్దవయసు, డబ్బా మూత తీసి వాసన చూసి "ఇది తినేదా?" అని అడిగాడు. నవ్వకుండా చెప్పాను, స్క్రూ అని. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని గాట్లు లెక్కపెట్టి, పిల్లలు విప్పకుండా పాత గేమ్ కన్సోల్స్‌కి ఇలాంటివి బిగించేవారని, వీటిని విప్పే బిట్ తమ దగ్గర దొరకదని, ఆన్‌లైన్‌లో తెప్పించుకోమని చెప్పాడు. తీరా చూస్తే ఆన్‌లైన్‌లో రెండు సైజులున్నాయి, చిన్నది గేమ్ క్యాసెట్లకట, పెద్దది కన్సోల్‌కట. కింద రాసిన ఆ ముక్క నమ్మితే నేను ఇంజనీర్ని ఎందుకవుతాను? స్కేలు పెట్టి నా అచ్చుని కొలిచాను. అప్పటికే పిండి ఎండి ముడుచుకుపోయింది. చిన్నది ఆర్డర్ చేశాను. శుక్రవారం వచ్చింది, తొడిగితే తలమీద కూర్చోలేదు. పెద్దది మంగళవారానికి గానీ రాదు.

ఈలోగా లోపల మజ్జిగ పులవడం మొదలుపెట్టింది. అంకుల్ ఆ గదిలో పూటకో కట్ట అగరుబత్తీలు వెలిగించారు. ఆంటీ రోజూ ఫోన్ చేసి "అంతా మంచిదేనా బిడ్డా?" అనేవారు. "సూపర్ ఆంటీ," అనేదాన్ని.

ఆదివారం ఆంటీ వచ్చారు. పెట్టె హాల్లో వదిలి నేరుగా చిన్నగదిలోకి నడిచి, ముక్కు ఎగబీల్చి, "ఏంది, గీ గదిల దేవుడు ఎప్పుడు వెలిసిండు?" అన్నారు. స్విచ్ నొక్కారు. లైటు రాలేదు. ఇంకోసారి నొక్కారు. నాకు ఏడుపు తన్నుకొచ్చి మజ్జిగ దగ్గర్నుంచి ఆన్‌లైన్ ఆర్డర్ దాకా ఒక్క గుక్కలో కక్కేశాను. అంకుల్ సీలింగ్ ఫ్యాన్‌ను పరిశీలిస్తూ నిలబడ్డారు.

ఆంటీ కన్సోల్‌ని తిరగేసి గుంటల్లోకి చూశారు. "గీ పిండేంది?"

"చపాతీ పిండి, ఆంటీ."

ఆంటీ కిచెన్‌లోకి వెళ్ళి, అట్లకాడల సొరుగు వెనకనుంచి ఒక పాత పెన్ను గొట్టం తెచ్చారు. దాని చివర కరిగి మొద్దుబారి ఉంది, లోపల ఆరు గాట్ల అచ్చు. "వచ్చిన కొత్తల గిది ఒకసారి ఆగిపోయింది. కారు ఈయన తీస్కపోతుండె, నా వీసా మీద జాబ్ చెయ్యరాదు, ఇంట్ల మాట్లాడేతందుకు మనిషి లేడు. గిది గూడ ఆగిపోతే నాకు పిచ్చి లేస్తదనిపిచ్చింది. పెన్ను పొయ్యి మీద కరగబెట్టి స్క్రూ మీద ఒత్తిన, సల్లారినంక తిప్పిన. రెండు పెన్నులు ఖరాబైనై, మూడోది పట్టింది. అప్పటిసంది నేనే తీస్త, నేనే దులుపుత."

అంకుల్ నోరు తెరిచారు. "అది నేను ప్లగ్ మార్చినందుకు మంచిగైందనుకున్న!"

"అనుకున్నవ్. నన్ను ఎవరడిగిన్రు?" అని, ఆంటీ నావైపు తిరిగారు. "ఎవరెవర్ని అడిగినవ్ బిడ్డా?"

అంకుల్‌ని, షాపులో ఆయన్ని, ఇంటర్నెట్‌ని.

"దినాం ఫోన్ చేస్తి. నన్నెందుకు అడగలే?"

భయమేసిందన్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆంటీకి తెలిసుంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. కాలేజీ వర్క్‌షాప్‌లో మా సారు స్పానర్‌ని నా తలమీదుగా వెనక ఉన్న అబ్బాయికి అందించేవారు. నన్నడిగితే ఏం పోయిందని నాలుగేళ్ళు ఉడికిపోయినదాన్ని. ఆ సారు చేసిన పనే నేనూ చేశాను, పైగా ఆ మనిషి చేతి అన్నం తింటూ. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆంటీ పిన్నీసుతో పిండి గీకి, ఆరు స్క్రూలూ విప్పారు. లోపల సర్క్యూట్ బోర్డు మీద ఒక కరివేపాకు రెబ్బ అంటుకుని ఉంది. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూపించి పడీపడీ నవ్వారు. తరువాత దూదితో మరకలు తుడుస్తూ ఇది పవర్ వచ్చే దారి, ఇక్కడ దుమ్ము పడితే బొమ్మ వణుకుతుంది, ఈ తీగ లాగకూడదు అని ఒక్కొక్కటీ చెప్పసాగారు. తిట్లకు సిద్ధపడి కూర్చున్న నాకు ఆవిడ ముఖంలో సంతోషం చూస్తే ఏడుపు ఇంకా ఎక్కువైంది. అన్నేళ్ళలో ఆ డబ్బా లోపల ఏముందో ఆంటీ ఇంకొకరికి చూపించడం అదే మొదటిసారి. రెండు రోజులు ఫ్యాన్ కింద ఆరాక ఎర్ర లైటు వెలిగింది. ఆ మధ్యాహ్నం నన్ను కూడా పక్కన కూర్చోమన్నారు, చేతులు ఒళ్ళో పెట్టుకోమని చెప్పి మరీ.

ఇప్పుడు నేను శాన్ రామన్‌లో ఉంటున్నాను, మిషన్లు డిజైన్ చేసే ఉద్యోగం. మొన్న ల్యాబ్‌లో ఒక మిషన్ మూత ఊడి రాకపోతే నేనూ, ఇంకో ముగ్గురు పెద్ద ఇంజనీర్లూ బోర్డు మీద బొమ్మలు గీసి అరగంట వాదించుకున్నాం. రోజూ ఆ మిషన్ తుడిచే ఆవిడ చీపురు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఆ సాయంత్రం ఆంటీకి ఫోన్ చేసి చెప్పాను.

"ఇప్పుడన్న అడిగినవా?" అన్నారు.

"అడిగానాంటీ. రెండు నిమిషాల్లో తీసేసింది."

"అరగంట తర్వాత అడిగినవ్," అన్నారు ఆంటీ నవ్వుతూ. "పోనీలే బిడ్డా, అప్పుడు వారం పట్టింది."