గుమ్మం దగ్గర చెప్పులు

పదో తరగతికి నవల పాఠం చెప్పే ఆవిడకు పిల్లలు పెట్టిన పేరు ప్రతీకల టీచర్. కథలో వాన పడినా, కాకి అరిచినా "ఇది దేనికి ప్రతీక?" అని అడక్కుండా పేజీ తిప్పదు. ఆవిడ తుమ్మితే వెనక బెంచీలోంచి అదే ప్రశ్న వినిపిస్తుంది. విననట్టు ముక్కు తుడుచుకుంటుంది. పేపర్లు దిద్దేటప్పుడు ఎర్రపెన్ను మూత పళ్ల మధ్య పెట్టుకుని, కావలసిన మాట కనబడగానే దాని కింద గీత గీసి రెండు మార్కులు పడేస్తుంది. ఈ ఏటి నవలలో భర్త పోయినా ఇల్లాలు అతని చెప్పులు గుమ్మం దగ్గర్నుంచి తియ్యదు. "వస్తాడేమోనన్న ఆశకు ప్రతీక, రాసుకోండి" అని టీచర్ రెండుసార్లు చెప్పింది.

పరీక్షలో ఒక అమ్మాయి జవాబు "ఆశ" అనే మాటతోనే మొదలైంది. అలవాటుగా పెన్ను గీత గీసి రెండు మార్కులు వేసేసింది. ఆ తర్వాతే ఆవిడ మిగతాది చదివింది: "ఆశ కాదు టీచర్. మా ఇంట్లో కూడా నాన్న చెప్పులు ఏడాదిగా అక్కడే ఉన్నాయి. నాన్న రారని అమ్మకి తెలుసు. తీసి ఎక్కడ పెట్టాలో తెలీక అలా ఉంచేసింది."

టీచర్ పళ్ల మధ్య నుంచి మూత తీసి బల్ల మీద పెట్టింది. మార్కులు కొట్టెయ్యలేదు. తర్వాతి పేపర్ తీసింది. అందులో "ఆశకు ప్రతీక" అనే ఉంది. ఎర్రపెన్ను ఆ మాట దాకా వచ్చి ఆగిపోయింది.