మోచేతి పైన గాజులు

నా చిన్నప్పుడు, మా నాన్న ఐర్లండులోని కాజిల్‌బార్ ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్న రోజుల్లో, ఒక చలికాలం మా దాదీ వచ్చి మా దగ్గర ఉంది. మా లంబాడీల మాటలో దాదీ అంటే నాయనమ్మ. మణికట్టు నుంచి భుజం దాకా రెండు చేతులకూ తెల్లటి ఎముక గాజులు. మోచేతి పైనున్నవి పెళ్ళినాడు తొడిగినవట. భర్త పోయిన రోజున తప్ప వాటిని తీయరు. తాతయ్య తండాలో నిక్షేపంగా ఉన్నాడు. ఆమె ఆ గాజులు తీయడం నేనెప్పుడూ చూడలేదు. అవీ ఆమె ఒంట్లో భాగమే అనుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున దాదీ ఇంటిముందు మంచు మీద కాలు జారి కుడిచేతి మీద పడింది. ఆసుపత్రికి చేరేసరికి చెయ్యి ఉబ్బి, గాజులు కండలోకి దిగబడి, వేళ్ళు నీలంగా మారాయి. ఇంట్లో ఎవరూ లేక నన్నూ వెంట తీసుకెళ్ళారు.

నర్సు చిన్న రంపం తెచ్చింది. నాన్న అడ్డం నిలబడ్డాడు. భర్త బతికుండగా ఇవి కోస్తే మా అమ్మ తట్టుకోలేదు, ఇంకేదైనా దారి చూడమని ఇంగ్లీషులో బతిమాలాడు. ఆలస్యమైతే వేళ్ళు దక్కవంది నర్సు. డాక్టరైన మనిషికి అది తెలియక కాదు. ఇద్దరూ వాదించుకుంటున్నారే గానీ మంచం మీద మనిషి వైపు ఎవరూ చూడలేదు.

దాదీ ఎడంచేత్తో నా కోటు పట్టి లాగింది.

"ఏమంటున్నరు బిడ్డా?"

చెప్పాను. చెబుతుంటేనే ఏడుపొచ్చింది. ఇక్కడ గాజులు తెగితే అక్కడ తాతయ్య ప్రాణం పోతుందని నా భయం.

"కోస్తే వేళ్ళు దక్కుతయా? అడుగు."

అడిగాను. దక్కుతాయంది నర్సు. దాదీ కొడుకు వైపు చూడనైనా చూడకుండా వాచిన చేతిని నర్సు ముందుకు చాపింది.

గాజులు ఒక్కొక్కటే పటుక్కున తెగాయి. కింద నుంచి చెయ్యి బయటపడింది. గాజుల అచ్చులు పడి, పాలిపోయి, ఎండంటే ఎరగని చర్మం. వేరే ఎవరి చెయ్యో తెచ్చి అతికించినట్టుంది. నాన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "యు ఆర్ గ్రాండ్ నౌ," ఇక నీకేం ఫర్వాలేదని నర్సు దాదీ భుజం తట్టింది.

ఆ సాయంత్రం తండా పక్క ఊరి ఫోను దగ్గరికి తాతయ్యను పిలిపించి, దాదీయే స్వయంగా చెప్పింది. తాతయ్య గొంతు వినబడుతుందేమోనని నేను ఫోను దగ్గరికి జరిగాను. నొప్పి తగ్గిందా అని మాత్రం అడిగాడట.

కట్టు విప్పాక నాన్న తండా నుంచి కొత్త గాజులు తెప్పించాడు. తొడగబోతే దాదీ చెయ్యి వెనక్కి తీసుకుంది. నాయన బతికే ఉన్నాడు కదమ్మా అన్నాడు నాన్న.

దాదీ ఎడంచేతి గాజులు నిమురుకుంది. "ఈ చెయ్యి మీ నాయనది." కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. "ఇది నాది."

నాన్న కొత్త గాజులు బల్ల మీద పెట్టేశాడు. అరిచి చెప్పి ఉంటే అంత అదిరిపోయేవాళ్ళం కాదేమో. మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టు అంది.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. మొన్న మా అమ్మాయి మెడ వెనక పచ్చబొట్టు పొడిపించుకొచ్చింది. మమ్మల్ని అడగకుండా పొడిపించుకోవచ్చా అని ఇంట్లో పెద్ద గొడవ. ఎవరు ఏమన్నారో నేను సరిగా వినలేదు, నాకు దాదీ కుడిచెయ్యి గుర్తొచ్చింది. నేను దాన్ని దీపం వెలుతురులో కూర్చోబెట్టి, జుట్టు పక్కకు తీసి, ఈ బొమ్మే ఎందుకు పొడిపించుకున్నావో చెప్పమన్నాను.