తెల్ల తువ్వాలు, ఇటుక పెల్ల

మొన్న మట్టల ఆదివారం పూజ ముగిశాక, కామారెడ్డిలో మా గుడి మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే, ఫాదర్‌కు సాయంగా ఉండే ఉపదేశి నా దగ్గరికి వచ్చి, గురువారం సాయంత్రం పాదాలు కడిగించుకునే పన్నెండుమందిలో ఈసారి నా పేరు కూడా రాశానని చెప్పాడు. ఏసుప్రభువు తాను చనిపోయే ముందు శిష్యుల పాదాలు కడిగిన సంగతిని తలుచుకుంటూ, ఏటా ఆ రోజున ఫాదర్ పన్నెండుమంది కాళ్లు కడిగి, తువ్వాలుతో తుడిచి, ముద్దు పెడతారు కదా. మన కాలంలో కాళ్లు కడిగించుకునే బల్ల మీద మగవాళ్లే కూర్చునేవారు, ఈమధ్య ఆడవాళ్లనూ కూర్చోబెడుతున్నారు. పక్కనే ఉన్న నా మనవరాలు సంతోషంతో ఎగిరి గంతేసింది. నేను వద్దని చెప్పడానికి నోరు తెరిచి కూడా మూసుకున్నాను, ఎందుకంటే సరిగ్గా ఇలాంటి మాటకే ఒకసారి ఈ నోటితో అబద్ధమాడాను.

అప్పట్లో మేము ఎల్లారెడ్డిలో ఉండేవాళ్లం. మా ఆయనకు కరెంటాఫీసులో ఉద్యోగం, నాకు చిన్న బడిలో టీచరు పని, ఆదివారాలు గుడిలో పాటలు ఎత్తుకునేదాన్ని కూడా నేనే. పెద్దవాడికి ఆరేళ్లు, చిన్నదానికి మూడు. ఏసుప్రభువు తిరిగి లేచిన పాస్కా పండగకు ముందు, తపస్సు కాలం నలభై రోజులూ ఇంట్లో మాంసం వండక, కోడికూర ఇంకా ఎన్నాళ్లకని పిల్లలు పొద్దున్నే లెక్క అడగడం, ఒకే తాను గుడ్డతో కుట్టించిన కొత్తబట్టలు పెట్టెలో దాస్తే వాటిని దొంగచాటుగా తీసి వాసన చూడడం, ఇవన్నీ మీ ఇళ్లలోనూ జరిగే ఉంటాయి. ఉల్లిపొట్టు, పసుపు వేసి గుడ్లు ఉడకబెట్టి రంగు తెప్పించడం నేను హాస్టల్లో సిస్టర్ల దగ్గర నేర్చుకున్నాను. ఆ గుడ్లు బాపు తెచ్చేవాడు. తాడ్వాయి దగ్గర మా ఊరి నుంచి బకెట్లో ఊక పోసి, దానిలో గుడ్లు పెట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెస్తే ఒక్కటి కూడా పగిలేది కాదు.

బాపు ఒకరి చేలల్లో కూలికి పోయి నన్ను చదివించాడు. ఎల్లారెడ్డిలో తోటి టీచర్లు, గుడిలో ఆడవాళ్లు మా నాన్న ఏం చేస్తాడని అడిగితే మాత్రం నేను వ్యవసాయం అని చెప్పేదాన్ని. ఎవరి పొలంలో అని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. చదువుకున్నదాన్ని కదా, సిగ్గు లేకుండా ఎంత తెలివిగా మాట్లాడేదాన్నో!

నేను ఆ అబద్ధమాడిన ఏడు బాపు పెద్ద గురువారం పొద్దున్నే వచ్చాడు. బడి నుంచి నేను సాయంత్రం ఇల్లు చేరేసరికే తయారై, ఉతికిన పంచె కట్టుకుని, పిల్లవాడి చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. గుడిలో నేను పాటల గుంపుతో ముందు వరసలో ఉన్నాను, బాపు నా వెనకే గోడ పక్కన జంపఖానా మీద మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ప్రసంగం ముగిసే వేళకు ఉపదేశి వంగి నా చెవిలో, "ఒకరు తక్కువైన్రమ్మా, మీ బాపును పంపుతవా?" అన్నాడు.

ఆయన అడిగీ అడగకముందే బాపు ఒళ్లోంచి పిల్లవాణ్ణి దించి సగం లేచాడు. నాకు మాత్రం ఫాదర్ భుజం మీది తెల్ల తువ్వాలు కనిపించింది, ఆ తర్వాత బాపు పాదాలు కనిపించాయి. ఎప్పుడో పార తగిలి వంకరపోయిన బొటనవేలు, బురదలో నాని నాని నల్లగా చీలిన మడమలు. ఆ తువ్వాలు మాసిపోతుందనీ, అందరూ చూస్తారనీ, నేను చెప్పిన వ్యవసాయం ఎలాంటిదో ఆ మడమలే చెప్పేస్తాయనీ అనిపించింది. "ఆయనకు పానం బాగలేదు, కూసుంటే లేవలేడు" అనేశాను.

"తాతకు మంచిగనే ఉన్నది గదా అమ్మా!" అన్నాడు నా కొడుకు, అందరికీ వినబడేలా. వాడిని గుడ్లురిమి చూశాను. బాపు మెల్లగా కూర్చుని, కాళ్లు ముడుచుకుని, పంచె లాగి కప్పుకున్నాడు. బల్ల మీద ఇంకెవరో కూర్చున్నారు. నేను పాట ఎత్తుకున్నాను, అదీ శ్రుతి తప్పకుండా.

మర్నాడు శుక్రవారం పొద్దున పెరట్లో నల్లా దగ్గర ఒక ఇటుక పెల్ల కనిపించింది, దాని మీద అక్కడక్కడా ఎండిన నెత్తురు. ఇదేందిరా అని కొడుకును అడిగితే, నిన్న మధ్యాహ్నమంతా తాత దానితో కాళ్లు తోముకున్నాడని చెప్పాడు. గుడిలో పెద్దవాళ్ల కాళ్లు కడుగుతారని వీడే తాతకు చెప్పాడట, నిన్ను కూడా పిలుస్తారని ఆశపెట్టాడట. నెత్తురొస్తోంది చాలు తాతా అంటే బాపు, "ఫాదరు ముద్దు వెడ్తడట గద కొడుకా, ఆయన మూతికి గీరుకపోవద్దు" అన్నాడట.

ఆ రోజు ఎర్రటి ఎండలో బాపు మాతో పాటు, ఏసు సిలువ మోసిన దారిని తలుచుకునే సిలువమార్గం పద్నాలుగు స్థలాలూ ఆ మడమలతోనే నడిచాడు. శనివారం పొద్దున సంచి సర్దుకుని, "కోతలు నడుస్తున్నయి బిడ్డా, పోకపోతే ఎట్ల" అని బస్సెక్కాడు. పాస్కా పండగ నాడు పిల్లలు కొత్తబట్టలు వేసుకుని, రంగు గుడ్లు పంచుకుని, అందులో అన్నిటికంటే ఎర్రగా వచ్చినదాన్ని తాతకని తీసి గూట్లో పెట్టారు. అది అక్కడే చెడిపోయింది.

ఆ తర్వాత కూడా బాపు ఎన్నోసార్లు వచ్చాడు, గుడ్లూ తెచ్చాడు, కానీ పెద్ద గురువారం నాడు మాత్రం ఎప్పుడూ ఏదో పని ఉండేది. నేను ఆ పాపాన్ని ఫాదర్ దగ్గర ఒప్పుకున్నాను, ఆయన చెప్పిన జపాలు చేశాను. ఒప్పుకోవలసిన మనిషి దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. ఈ పాస్కాకు చెబుదాం, వచ్చే పాస్కాకు చెబుదాం అనుకుంటుండగానే ఒక వానాకాలంలో బాపు పోయాడు.

ఈ గురువారం మధ్యాహ్నం, కోడలు కొనిపెట్టిన రాయితో బాత్రూంలో మడమలు తోముకుంటున్నాను. వయసు మీద పడ్డాక నావీ అచ్చం బాపువే అయ్యాయి. అటుగా వెళుతున్న నా కొడుకు ఆగి, "తాత లెక్కనే తోముతున్నవేందమ్మా" అన్నాడు. వాడు మరిచిపోయి ఉంటాడని ఇన్నేళ్లూ ధైర్యంగా ఉన్నాను. వాడు లోపలికి వచ్చి, నా చేతిలోంచి రాయి తీసుకుని పక్కన పెట్టి, "చాలు తియ్యి" అన్నాడు.

ఇప్పుడు గుడిలో బల్ల పోయి మెత్తటి కుర్చీలు వచ్చాయి, జంపఖానాల చోట నున్నటి టైల్స్ వచ్చాయి, గుడ్లు కూడా దుకాణంలో రంగు కాగితాలు చుట్టి అమ్ముతున్నారు. సాయంత్రం ఫాదర్ నా కాలి మీద నీళ్లు పోసి, తుడిచి, వంగి ముద్దు పెట్టి, పక్క కుర్చీ వైపు జరిగారు. అరనిమిషం కూడా పట్టలేదు. నా మడమల వైపు ఎవరూ చూడలేదు, అందరూ పాట పాడుతున్నారు. ఆనాడు బాపును వెళ్లనిస్తే ఏమయ్యేది? తువ్వాలు కాస్త మాసేది, అంతే.