కాపెల్ నుంచి బెంటన్‌విల్ దాకా: మా జీపు వెనక తలుపు

ఎవరైనా పనిగట్టుకుని మంచిగా మాట్లాడితే నాకు వెంటనే అనుమానం వస్తుంది. మా ఆవిడ పద్మ దీన్ని జబ్బంటుంది, నేను జాగ్రత్త అంటాను. అందుకే 2011 అక్టోబరులో హెరాల్డ్ అనే ముక్కూమొహం తెలియని పెద్దాయన పంపిన ఈమెయిల్‌ని తిప్పితిప్పి చదివాను. పాత మిలిటరీ బళ్ళు బాగుచేసుకునేవాళ్ళ వెబ్‌సైటులో నేను మా జీపు ఫొటోలు పెట్టాను. అవి చూసి ఆయన రాశాడు: “మీ డాష్‌బోర్డు మీద మూడు రంధ్రాలు చూశాను. ఆ బండి నేను చాలా ఏళ్ళు నడిపాననుకుంటున్నాను. ఒక్కసారి తీసుకొస్తారా?” అంతే. ఎప్పుడు నడిపాడో, ఎక్కడ నడిపాడో, ఇప్పుడెందుకు తెమ్మంటున్నాడో ఒక్క ముక్క లేదు.

జీపు సంగతి ముందు చెప్పాలి. ఓక్లహామాలో ఒక పాత బళ్ళ వ్యాపారి దగ్గర, రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళొచ్చిన జీపని చెబితే కొన్నాను. ఆరేళ్ళపాటు శనివారాలన్నీ డాలస్ పక్కన కాపెల్‌లోని మా గ్యారేజీలో దాని కిందే పడుకున్నాను. ఇంజన్ విప్పాను, బ్రేకులు మార్చాను, తుప్పు గోకి ఆలివ్ గ్రీన్ రంగు కొట్టి, బానెట్ మీద తెల్ల నక్షత్రం వేశాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ మూడు రంధ్రాలు చూపించి, “ఇక్కడ వైర్‌లెస్ సెట్ ఉండేది” అని చెప్పేవాణ్ణి. ఇప్పుడీ హెరాల్డ్ యుద్ధంలో దాన్ని నడిపినవాడైతే నా జీపుకు బతికున్న సాక్షి దొరికినట్టే. అలా కాకుండా “ఇది నా దగ్గర దొంగిలించిన బండి” అన్నాడో, నా ఆరేళ్ళూ గంగలో కలిసినట్టే. ఈ రెండో ముక్కే నన్ను నిద్రపోనివ్వలేదు.

“దొంగబండి అయితే పోలీసులకి చెప్తాడు గానీ మీకు ఈమెయిల్ ఎందుకు రాస్తాడండీ?” అంది పద్మ.

“అదే కదా తెలివి. మనంతట మనమే తీసుకెళ్ళి చేతికిస్తాం.”

“అయితే మానెయ్యండి.”

మానెయ్యలేకపోయాను. శనివారం పొద్దున ఎనిమిదింటికి, అద్దె ట్రెయిలర్ మీద జీపునెక్కించి, పట్టీలు బిగించి, మా పికప్‌కి తగిలించి, హెరాల్డ్ ఉండే బెంటన్‌విల్‌కి బయల్దేరాం. ట్రెయిలర్‌కి రోజుకు యాభై అయిదు డాలర్లు. డాలస్ దాటి 75వ నంబరు హైవే మీద ఉత్తరానికి వెళ్ళి, ఓక్లహామాలో 69 పట్టుకుని, ప్రయర్ దగ్గర తూర్పుకి తిరిగి 412 ఎక్కాలి. మామూలు కారులో ఆరు గంటల లోపే. ట్రెయిలర్‌తో గంటకి అరవై మైళ్ళు దాటి వెళ్ళకూడదు కాబట్టి ఏడున్నర పడుతుందని లెక్కేసుకోండి. 412 మీద టోల్ ఉంది, ట్రెయిలర్‌కి ఎక్కువ తీసుకుంటారు, చిల్లర దగ్గర పెట్టుకోండి. మెక్‌ఆలెస్టర్ తర్వాత తిండికి పెద్దగా ఏమీ ఉండదు. పద్మ కట్టి తెచ్చిన నిమ్మకాయ పులిహోర మమ్మల్ని ఆదుకుంది.

మెక్‌ఆలెస్టర్ గ్యాస్ స్టేషన్‌లో టోపీ పెట్టుకున్న ఒకాయన ట్రెయిలర్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నంబరు ప్లేటు చూశాడు, నా మొహం చూశాడు.

“ఎక్కడ పనిచేశావు?” అన్నాడు. సైన్యంలో ఎక్కడ అని ఆయన ఉద్దేశం.

“ఇర్వింగ్‌లో. డేటాబేస్ సపోర్ట్” అన్నాను.

ఆయన నవ్వలేదు. తలూపి, వెళ్ళి తన ట్రక్కులో కూర్చుని ఫోన్ తీశాడు. మన రంగువాడు ఆర్మీ బండి లాక్కుపోతుంటే ఎవరికి ఫోన్ చేస్తాడో నాకు తెలియదా? ఆ తర్వాత చాలాసేపు అద్దంలో వెనక్కి చూస్తూనే నడిపాను. “ఆయన వాళ్ళావిడకి చేసుకుని ఉంటాడు, మీరు రోడ్డు చూడండి” అంది పద్మ. ఎవరూ వెంట రాలేదు. రాకపోవడం కూడా నాకు నచ్చలేదు.

హెరాల్డ్ ఇల్లు బెంటన్‌విల్‌కి పడమరగా పావుగంట దూరంలో, కంకర దారి చివర ఉంది. గేటు బార్లా తెరిచి పెట్టి ఉంది. మమ్మల్ని లోపలికి రానిచ్చి మూసేస్తాడేమో అనిపించి, పికప్‌ని మొహం బయటికి ఉండేలా తిప్పి ఆపాను. ఎనభై అయిదు దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వరండా మెట్లు దిగి వచ్చాడు. మాకు చెయ్యి ఊపాడు గానీ చూపంతా జీపు మీదే. జీపు కిందికి దింపాక దాని చుట్టూ నడిచాడు. డాష్‌బోర్డు దగ్గర వంగి, ఆ మూడు రంధ్రాలనీ వేలితో ఒక్కొక్కటే తడిమాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇదంతా నాటకం, కాసేపట్లో కాగితాలు తీస్తాడు అనుకున్నాను. దారి పొడుగునా ఒక ప్రశ్న సిద్ధం చేసుకుంటూ వచ్చాను. యుద్ధం కోసం చేసిన జీపుకు వెనకవైపు తలుపుండదు, రేకు ఒకే పలక. తలుపు పెట్టింది యుద్ధం అయ్యాక, రైతులకి అమ్మిన జీపులకి. ఈ సంగతి నిజంగా ఆర్మీ జీపు నడిపినవాడికి తెలిసి తీరాలి. కాబట్టి అమాయకంగా అడిగాను.

“మీరు నడిపినప్పుడు దీనికి వెనక తలుపు ఉండేదా?”

“ఉండేది” అన్నాడు వెంటనే. వెనక్కి నడిచి, స్పేర్ చక్రం పక్కన అరచెయ్యి ఆనించాడు. “ఇదిగో, ఇక్కడ.”

చెప్పొద్దూ, నా సంతోషం అంతా ఇంతా కాదు. పద్మ వైపు తిరిగి తెలుగులో అన్నాను: “దొరికిపోయాడు! ఆర్మీ జీపుకు వెనక తలుపేంటి? మన చెవిలో పువ్వు పెడుతున్నాడు. ఎక్కించు బండి, పోదాం.”

పద్మ కదల్లేదు. మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా జీపు వెనక పడుతోంది. ఆవిడ వంగి చూసింది.

“ఏమండీ, మరి ఈ గీత ఏంటి?”

రంగు కింద రేకు మీద నిలువుగా సన్నటి ఉబ్బు. అవతలి పక్కన సరిగ్గా అలాంటిదే ఇంకోటి. వేలితో తడిమాను. తలుపు మూసేసి, అతుకు వెల్డింగ్ చేసి, సాఫుగా అరగదీసిన ఉబ్బు అది. ఆరేళ్ళు గోకాను, రుద్దాను, స్వయంగా రంగు కొట్టాను. నా చెయ్యి వందసార్లు దాని మీంచి వెళ్ళి ఉంటుంది. లోకంలో అందరినీ అనుమానించాను గానీ నా జీపుని అనుమానించాలన్న ఆలోచనే రాలేదు.

“యుద్ధంలో...” అన్నాను.

“యుద్ధమా?” అన్నాడు హెరాల్డ్, నిజంగానే ఆశ్చర్యపోయి. “ఇది ఆర్మీ మొహమే చూడలేదు. యుద్ధం అయిపోయాక మా నాన్న పొలానికని కొత్తది కొన్నాడు. నీలం రంగుది.”

నీలం! తుప్పు గోకుతున్నప్పుడు సీటు కింద నీలం కనిపించింది. ఎవడో తర్వాత వేసుంటాడులే అనుకుని దాని మీద ఆకుపచ్చ కొట్టేశాను. తర్వాత రంగు వేసింది ఎవడో కాదు, నేనే. ఆ క్షణంలో ఓక్లహామా వ్యాపారి కనిపిస్తే పీక పిసికేవాణ్ణి.

“మరి ఆ మూడు రంధ్రాలు?” అని అడిగింది పద్మ.

“రూత్ సంచీ తగిలించుకోవడానికి కొక్కెం” అన్నాడు. రూత్ ఆయన భార్య. “మొదట వంకరగా బిగించాను. మళ్ళీ చేయించింది, అందుకే రెండు కావాల్సింది మూడయ్యాయి.”

పద్మ నా వైపు చూడలేదు, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. వైర్‌లెస్ సెట్టట, వైర్‌లెస్ సెట్టు!

అప్పటికీ నా భయం పూర్తిగా పోలేదు. “ఇది మీ దగ్గర్నుంచి ఎలా పోయింది?” అని అడిగేశాను.

“నేనే అమ్మేశాను. రూత్ పోయాక వాకిట్లో ఉంటే చూడలేకపోయాను. ఎవరు అడిగితే వాళ్ళకిచ్చేశాను. అమ్మిన వారానికే తప్పు చేశాననిపించింది, అప్పటికే అది చేతులు మారిపోయింది.” ఆయన ఇంకా ఆ రేకు మీంచి చెయ్యి తియ్యలేదు. “సాయంత్రాలు వాగు దగ్గరి పొలానికి వెళ్ళేవాళ్ళం. ఈ తలుపు దించితే రెండు గొలుసుల మీద బల్లలా నిలబడేది. ఇద్దరం దాని మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళం. దాని మీద ఒక్కసారి కూర్చోవాలని రమ్మన్నాను. తెరుస్తారా?”

తెరవడం నా వల్ల కాదని చెప్పాను. ఎందుకు కాదో వివరిస్తుంటే ఆయన మధ్యలోనే తలూపాడు.

“పరవాలేదు. ఇంత దూరం తెచ్చారు, అదే చాలు” అని మాకు ఐస్ టీ తేవడానికి లోపలికి వెళ్ళాడు.

నాకు ఏడుపొచ్చింది. పద్మ నా భుజం మీద చెయ్యి వేసి, “ఇంటికి పోయి ఆ రేకు కోసే గ్రైండర్ తియ్యండి” అంది.

ఆ రాత్రి బెంటన్‌విల్‌లో కాంట్రాక్టు ఉద్యోగం చేసే ఒక మిత్రుడి అపార్ట్‌మెంట్‌లో పడుకుని, మర్నాడు వెనక్కి వచ్చేశాం. వెల్డింగ్ కోసి, మడతబందులు వేసి, గొలుసులు బిగించేసరికి నవంబరు సగం అయింది. మళ్ళీ అదే దారి, అదే టోల్. హెరాల్డ్ తలుపు తనే దించుకున్నాడు. ఒక చివర కూర్చుని, పక్కన ఖాళీ వదిలేశాడు. మేము వరండాలోనే ఉండిపోయాం. చలి పెరిగేదాకా ఆయన అక్కణ్ణుంచి లేవలేదు.

రంగు మాత్రం మార్చలేదు. ఆకుపచ్చకి నేను ఆరేళ్ళు ఇచ్చాను, నీలానికి ఆయన అంతకన్నా ఎక్కువే ఇచ్చాడు. రెండూ ఉండనీ అనుకుని, తలుపు లోపలివైపు మాత్రం నీలం వేశాను. ఇప్పుడు ఎగ్జిబిషన్లకి తీసుకెళ్తే జీపుల సంగతి తెలిసినవాళ్ళు వెనక్కి వచ్చి, నేను ఒకప్పుడు చూసిన చూపే చూసి, “ఆర్మీ జీపుకి వెనక తలుపుండదు కదా సార్” అంటారు. “దీనికి ఉంది” అని దించి చూపిస్తాను. మీరు పాత మిలిటరీ జీపు చూడ్డానికి వెళ్తే, మిట్టమధ్యాహ్నం వెళ్ళకండి. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు బండి వెనక నిలబడి రేకుని వేళ్ళతో తడమండి. అతుకు తగిలితే అమ్మేవాడితో పోట్లాటకి దిగే ముందు, ఆ తలుపు మీద ఎవరు కూర్చునేవారో కనుక్కోండి.