చర్చి గంట, నిండు సిలిండరు

ఆ రోజుల్లో నాకు భయమే లేదని అందరూ అనేవారు. భయం ఉండేది, చెప్పుకునే తీరిక ఉండేది కాదు. ధర్మపురి చుట్టుపక్కల ఎవరి బావిలో మోటరు పడ్డా ఊపిరి బిగబట్టి మునిగి తీసేది నేనే. (చదువు ఐదో తరగతి దగ్గర ఆగింది గానీ, బావులు మాత్రం ఆగలేదు.) మా పాత ఊరు ప్రాజెక్టు నీళ్లలో కలిసేటప్పుడు చర్చి గంటను పడవలో అవతలి ఒడ్డుకు తెస్తుంటే, ఆఖరి ప్రయాణమని అందరూ గంట పక్కనే కూర్చుంటామన్నారు. పడవ అటే ఒరిగింది. మనుషులు ఈదుకుంటూ వచ్చారు, గంట రాలేదు. క్రిస్మస్ ఇంకా నాలుగు రోజులే ఉంది. ఇన్నేళ్లూ ఆ గంట కొట్టిన మా బాపు అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. "గంట మోగకపోతె గదేం పండుగరా?" అనడం తప్ప వేరే మాట లేదు.

పాస్టరయ్య విశాఖ నుంచి గాలి సిలిండర్ల సారును పిలిపించారు. ఆయన రెండుసార్లు మునిగి, వణుకుతూ తేలి, "అంతా బురదేనండీ, పడవ తప్ప ఏమీ కనబడట్లేదు" అన్నాడు.

"బురదల కండ్లతోని దేవులాడరు సార్, కాళ్లతోని దేవులాడుతరు" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. అనకుండా ఉండాల్సింది.

సిలిండరు లేకుండా దిగనివ్వనన్నాడు సారు. దాన్ని నా వీపుకు కట్టి, గొట్టం నోట్లో పెట్టి, "మామూలుగా గాలి పీలుస్తూ ఉండు, అంతే" అన్నాడు. తలూపాను. తాడు పట్టుకున్న బాపు నా చెవిలో ఎప్పటి మాటే చెప్పాడు: "నీళ్లల్ల ఊపిరి దీస్కున్నవో, పోతవ్ కొడుకా."

తాడిచెట్టంత లోతు. నీళ్లు ఐసులా ఉండి చేతులు మొద్దుబారాయి. సిలిండరు బరువుకు తొందరగా దిగాను, ఆ మాత్రం ఉపయోగపడింది. బోర్లాపడ్డ పడవ కింద కాలితో కెలికితే గంట బొటనవేలికే తగిలింది. (ఆ గోరు ఇప్పటికీ వంకరే.) కొక్కేనికి తాడు కట్టి, పైకొచ్చి, ఒడ్డున పడి ఎగశ్వాస తీస్తుంటే, సారు పరుగున వచ్చి సిలిండరు మీటరు చూశాడు. వేలితో తట్టి మళ్లీ చూశాడు.

"గాలి కొంచెం కూడా తగ్గలేదే! లోపల పీల్చలేదా?"

"నీళ్లల్ల గాలి ఎట్ల పీలుస్తరు సార్?"

సారు గొట్టం తన నోట్లో పెట్టుకుని పీల్చి చూశాడు. బాపు మాత్రం, "మావోడు ఏదైనా పొదుపుగ వాడుతడు సార్" అని సర్దిచెప్పి, గంటను గుంజడానికి పోయాడు. పండుగ పొద్దున తనే కొట్టాడు.

ఇప్పుడు ఆ గంట కొట్టేది నేనే. నాలుగుసార్లు తాడు గుంజేసరికి ఆయాసం వస్తుంది. "జర ఊపిరి దీస్కుంట కొట్టరాదు" అంటుంది మా ఆవిడ. తలూపుతాను. గంట మోగినంతసేపూ బిగబట్టే ఉంటాను.