పత్తి చేనులో అవ్వ ఆగిన చోటు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను తెగ ఆట పట్టించేవాణ్ణి. ఇప్పుడు ఎవరినీ ఆట పట్టించే ఓపిక లేదు గానీ, దయ్యాలను మాత్రం ఇప్పటికీ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కరీంనగర్‌లో గ్రానైట్ కోసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. పోయిన ఏడు మాకు ఆడపిల్ల పుట్టింది. నెల నిండకముందే ఆసుపత్రిలో పోయింది. నాకు ఏడుపు రాలేదు. పెట్టమన్న చోటల్లా సంతకాలు పెట్టాను, అంతే.

నా భార్య లత ఒక్కటే అడిగింది. "మీ అవ్వకు మొదలు పుట్టి పోయిన బిడ్డ ఉన్నదని చెప్పిండ్రు గదా. ఆమె పక్కన పెడదాం. నా బిడ్డ ఒక్కతే ఉండొద్దు."

మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని అంటాం. ఆ అక్క గురించి నాకు తెలిసింది తక్కువ. పేరు పెట్టకముందే పోయింది. ఆసిఫాబాద్ దగ్గర మా చేనులో బాపు ఒక్కడే తీసుకెళ్లి పూడ్చాడు. పసిబిడ్డను పెట్టిన చోటు తల్లికి చెప్పకూడదు, గుర్తుగా రాయి కూడా పెట్టకూడదు. మా ఇళ్లలో అదే ఆనవాయితీ. తెలిస్తే తల్లి అక్కడి నుంచి కదలదట. బాపు పోయి చాలా ఏళ్లయింది. ఆ చోటు ఆయనతోనే పోయింది.

అయినా బండి మాట్లాడుకొని బయల్దేరాం. దారంతా పాప లత ఒళ్లోనే ఉంది. లతకు పాలు ఆగలేదు. జాకెట్టు తడుస్తూనే ఉంది, అవ్వ తువ్వాలు అందిస్తూనే ఉంది.

చేను దగ్గర చిన్నబాపు గడ్డపార పట్టుకొని నిలబడ్డాడు. "అన్న గీ చేన్లనే పెట్టిండు. యాడనో నాకు సుత చెప్పలే," అన్నాడు. ఆడవాళ్లను గట్టు మీదే ఉండమన్నాడు. అవ్వ వినలేదు. పత్తి చెట్ల మధ్య నుంచి నడుచుకుంటూ పోయి ఒక చోట ఆగింది.

దగ్గరికి పోయి చూశాను. అవ్వ జాకెట్టు ముందు వైపు తడిసి ఉంది. డెబ్బై దాటిన మనిషి. చెమట అనుకున్నాను. పాల వాసన వచ్చింది. లత కూడా చూసింది.

"ఈడనే," అంది అవ్వ.

చిన్నబాపు మెల్లగా తవ్వాడు. కొంత లోతుకు పోయాక నల్లబడ్డ వెండి మురుగు ఒకటి బయటపడింది, పసిబిడ్డ చేతికి వేసేది. దాని జత అవ్వ ట్రంకు పెట్టెలో ఉంటుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అవ్వ ఆ మురుగును కొంగుతో తుడిచి మళ్లీ లోపలే పెట్టింది. మన్ను కప్పేసి, జానెడు పక్కన మా పాపకు తవ్వాం. అప్పుడూ ఏడుపు రాలేదు.

తర్వాత అవ్వను కరీంనగర్‌లో డాక్టరుకు చూపించాం. జబ్బేమీ లేదన్నారు. ఆ చోటు ఎలా తెలిసిందని నేను అవ్వను అడగలేదు. భయమేసింది. ఆ తడి ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఫ్యాక్టరీ వెనక ముక్కల రాళ్లు బోలెడు పడి ఉంటాయి. ఆనవాయితీ పోతే పోయింది, చిన్న రాయి ఒకటి చెక్కించి పెడదామా అని మొన్న లతను అడిగాను.

"వద్దు," అంది. "నాకు తెలుస్తది."