బావ అతికించిన గిటార్లు

పోయిన వారం మా షాపుకి ఒక పోస్టరు వచ్చింది. అట్టగొట్టంలో చుట్టి, కొరియర్‌లో పంపారు. విప్పి చూస్తే నిగనిగలాడే గిటారు బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాల్లో, మా గిటార్ల తయారీని సరికొత్త ఫ్యాక్టరీకి మారుస్తున్నామహో అని ఆ అమెరికా కంపెనీవాళ్ళ చాటింపు. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది: అనుభవం పండిన చేతుల పనితనం అని. అక్కడికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. చేతులట, పనితనమట! చింపి అవతల పారేద్దామనుకున్నాను. కానీ నేను స్టోర్‌కీపర్ని. పోస్టర్లు అంటించడం కూడా నా ఉద్యోగంలో భాగమే. స్టూలు ఎక్కి, నాలుగు మూలలా టేపు వేసి, వంకర లేకుండా అంటించి దిగాను. వాళ్ళు నాలుగేళ్ళ కిందట మొదటిసారి ఫ్యాక్టరీ మార్చినప్పుడు వచ్చిన పోస్టరు కూడా నేనే అంటించాను.

మా షాపు సౌదీలో, ఖోబర్‌లో. ఇల్లు అల్ అజీజియాలో. పదేళ్ళు దాటింది వాయిద్యాల మధ్య కూర్చోవడం మొదలుపెట్టి, ఇప్పటికీ నాకు ఒక్క రాగం తెలియదు. పెట్టె మీది నంబరు, లోపలి సామాను నంబరు ఒకటేనా కాదా అన్నది మాత్రం తెలుసు. ఈ ఉద్యోగం నాకు పెట్టించింది మా బావ, అంటే మా పెద్దక్క భర్త. మాది జగిత్యాల వైపు. బావావాళ్ళది తాతల నాటి నుంచీ వడ్రంగం. బావ మొదట దమ్మామ్‌లో ఒక ఫర్నిచర్ కంపెనీకి వచ్చాడు. మా షాపులో గోడకి అరలు కొట్టడానికి పంపితే, ఆ పని చేస్తూ చేస్తూ మూలన పడి ఉన్న మెడ విరిగిన గిటారుని చూశాడట. దాన్ని చూశాక అరల మీద మనసు నిలవలేదట. టీ తాగే టైములో దాన్ని తీసుకుని, మెడ అతికించి, మర్నాడు తెచ్చి అక్కడే పెట్టాడు. అది మా కఫీల్, అంటే షాపు యజమాని, కొడుకుది. ఎక్కడ విరిగిందో వెతికి వెతికి ఆ కుర్రవాడికి దొరకలేదు. నెల తిరిగేలోగా బావ ఇఖామా, అంటే ఇక్కడ ఉండి పనిచేసే పర్మిట్టు, మా షాపు పేరు మీదికి మారింది. ఆ తర్వాత రెండేళ్ళకి నన్ను తెప్పించాడు.

బావ పని చూడాలంటే ఓపిక ఉండాలి. గిటారు నడిమి గుండ్రటి కన్నంలోంచి గడ్డం గీసుకునే అద్దం ముక్కని లోపలికి పెట్టి, టార్చి వేసి, ఒక కన్ను మూసి అరగంట చూసేవాడు. పైపలకని లోపలి నుంచి మోసే సన్నటి బద్దలు ఉంటాయి, వాటిలో ఏది ఊడిందో, ఏది ఊడబోతోందో చెప్పేవాడు. బిగించడానికి సైకిలు ట్యూబు కోసిన పట్టీలు, తనే చెక్కుకున్న చిన్న చిన్న చీలలు. ఖోబర్‌లో బయట సముద్రపు ఉక్క, తలుపు తీస్తే కళ్ళజోడు మసకబారుతుంది. లోపలేమో రాత్రీ పగలూ ఏసీ. ఆ పొడిగాలికి కట్టె ముడుచుకుంటుందని, సబ్బుపెట్టెలకి కన్నాలు పొడిచి, తడి స్పాంజి పెట్టి, ఒక్కో గిటారు కడుపులో ఒక్కోటి దాచేవాడు. కొన్నవాళ్ళలో కొందరు ఆ సబ్బుపెట్టె కూడా కంపెనీ ఇచ్చిందే అనుకుని జాగ్రత్తగా ఇంటికి పట్టుకుపోయేవారు. ఆయనకి వాయించడం రాదు. వేలి కణుపుతో పలక మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు, అంతే. నేను పక్కన నిలబడి నవ్వితే, "నీ తలకాయ గూడ గొట్టి సూస్తరా బామ్మర్ది, దీనికంటే మంచిగనే మోగుతది, లోపల ఏం లేదు గదా," అనేవాడు.

ఆ అమెరికా కంపెనీ గిటార్లంటే ఆయనకి భలే ఇష్టం. "ఎవడో గని, కట్టె తెలిసినోడు జేసిండు," అనేవాడు. అలాంటి కంపెనీ నాలుగేళ్ళ కిందట పాత ఫ్యాక్టరీకి తాళం వేసి, ఇంకో దేశంలో కొత్త ఫ్యాక్టరీ పెట్టింది. పేరు అదే, బొమ్మ అదే, పెట్టె అదే. కొత్త ఫ్యాక్టరీ నుంచి మొదటి లోడు దిగిన రోజు బావ ఒక గిటారు తీసి, కొట్టి, విని, మళ్ళీ కొట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి తీశాడు. "ఒరేయ్, గిది ఆరలేదురా. పచ్చి కట్టె. ఏసీల రెండు నెలలు నిలవడ్డదంటే పెట్లి పగుల్తది," అన్నాడు. ఆ మాట మా షాపు మేనేజరుగారికి చెప్పాను. ఆయనది కోస్తా. మనిషి మహా మర్యాదస్థుడు, ఎదటివాడి గొంతు కోసేటప్పుడు కూడా అండీ అంటాడు. "కంపెనీ టెస్టింగ్ సర్టిఫికేట్ ఉందండీ. మీ బావగారి వేలు పెద్దదా, ల్యాబ్ పెద్దదా చెప్పండి," అని నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

రెండు నెలలు కూడా పట్టలేదు. మెడ కట్టె ముడుచుకుని, దాని మీది లోహపు కడ్డీల కొనలు బయటికి పొడుచుకొచ్చి వేళ్ళకి గీసుకోవడం మొదలైంది. కొన్నిటికి లోపలి బద్దలు ఊడాయి, కొన్నిటికి పైపలకే నెర్రె విచ్చింది. పక్క అరలోనే, అదే ఏసీలో, పాత ఫ్యాక్టరీ గిటార్లు రాయిలా నిలబడి ఉన్నాయి. నేను స్టోర్‌కీపర్ని కాబట్టి, బావ ఒక్కోటీ చూపిస్తుంటే డ్యామేజీ షీటు రాశాను. ముప్పై ఒక్క గిటార్లు, నంబర్లతో సహా. దాన్ని తీసుకుని ఇద్దరం మేనేజరుగారి గదికి వెళ్ళాం. ఆయన దాన్ని పైనుంచి కిందికి చదివి, తిరిగి నా చేతిలోనే పెట్టాడు. "ఇది కంపెనీ హెడాఫీసుకి వెళ్తే రిటర్న్ అంటారు, ఇన్‌స్పెక్షన్ అంటారు, మన ఏజెన్సీకే ఎసరు వస్తుందండీ. దీన్ని పక్కన పెట్టండి. మీ బావగారున్నారుగా, కస్టమర్ కంట పడకముందే సెట్ చేసేయమనండి." నేను షీటుని నా సొరుగులో పెట్టుకున్నాను.

ఇక్కడే బావ చేసిన తప్పు. తప్పు అనడానికి నోరు రావడం లేదు గానీ, చివరికి అదే కొంప ముంచింది. పగిలిన కట్టె కంటికి కనిపిస్తే ఆయన ఊరుకోలేడు. ఇంకెవరైనా అయితే పైపైన లేపనం పూసి, ఎవడి ఖర్మ వాడిదని చేతులు దులుపుకునేవారు. ఈయన ఒక్కో గిటారునీ పసిబిడ్డకి నీళ్ళు పోసినట్టు ఒళ్ళో పెట్టుకుని, బద్దలన్నీ అతికించి, నెర్రెల్లో వెంట్రుకంత సన్నటి కట్టె పేళ్ళు దింపి, రంగు కలిపి, కడ్డీల కొనలు అరగదీసి, ముప్పై ఒక్కటీ కొత్తవాటి కంటే కొత్తగా చేశాడు. కంపెనీ తప్పుకి సాక్ష్యం అన్నది ఒక్కటి మిగలకుండా తన చేతులతోనే తుడిచేశాడు. నేను పక్కన కూర్చుని, "నీది మామూలు చెయ్యి కాదు బావా," అని మెచ్చుకుంటూ ఉన్నాను. వాటిని వరసగా అమ్ముతూ పోయారు. చాలామటుకు గేటెడ్ కాలనీల్లాంటి కాంపౌండ్లలో ఉండే తెల్లవాళ్ళూ, కొత్తగా సంగీతం నేర్చుకుంటున్న సౌదీ పిల్లలూ కొన్నారు.

కొన్నవాళ్ళలో ఒక స్కూలు మాస్టారు ఉన్నాడు. ఆయన గిటారుకి బావ అతికించనిచోట, వెనక పలకకి, కొత్తగా నెర్రె వచ్చింది. ఆయన మాకు చెప్పకుండా తిన్నగా అమెరికాకే రాశాడు. వాళ్ళు దుబాయ్ నుంచి ఒక మనిషిని పంపారు. సూటు వేసుకుని వచ్చి, ఆ గిటారునీ, ఇంకా అమ్ముడుపోకుండా షాపులో ఉన్న ఐదారింటినీ బల్ల మీద పెట్టించుకుని, సన్నటి కెమెరా లోపలికి దింపి చూశాడు. చూస్తూ చూస్తూ ఆగిపోయాడు. నిజం చెప్పాలి, ఆ మనిషి ముఖం వెలిగింది. "ఇంత అందంగా లోపలి పని ఎవరు చేశారు?" అని ఇంగ్లీషులో అడిగాడు. బావకి తెలుగు చేసి చెప్పింది నేనే. ఎంత సంబరంగా చెప్పాననుకున్నారు! "బావా, నీ పని చూసి మెచ్చుకుంటున్నడు, ఎవరు చేసిండ్రని అడుగుతున్నడు," అన్నాను. బావ చేతులు ప్యాంటుకి తుడుచుకుని ముందుకొచ్చి, బడిపిల్లాడిలా చెయ్యెత్తి, "నేనే సార్," అన్నాడు.

ఆ మనిషి తలాడించి, తన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత చల్లగా చెప్పాడు. కంపెనీ అనుమతి లేనివాళ్ళు విప్పి అతికించిన సరుకుకి కంపెనీ బాధ్యత ఉండదట. నెర్రెలు ఫ్యాక్టరీలో వచ్చినవి కావట, ఇక్కడ ఎవరో కెలకడం వల్ల వచ్చినవట. ఈ పని ఎవరు చేయమన్నారని అడిగాడు. గదిలో నలుగురం ఉన్నాం. మేనేజరుగారు గొంతు సవరించుకుని, "మాకు తెలియకుండా చేశాడు, సర్. వెరీ సారీ," అన్నాడు. ఇంగ్లీషులోనే అన్నాడు గానీ, ఆ మాత్రం ఇంగ్లీషు బావకీ అర్థమైంది. ఆయన నా వైపు చూశాడు.

షీటు నా సొరుగులో ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే చాలు. కానీ మా ఆవిడనీ, కూతుర్నీ ఇక్కడికి రప్పించుకోవడానికి ఫ్యామిలీ వీసాకి కావలసిన లెటరు ఆ వారమే మేనేజరుగారి బల్ల మీద సంతకం కోసం ఉంది. ఐదేళ్ళు ఎదురుచూశాను దాని కోసం. నా చేతిలోని పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, కిటికీ వైపు చూశాను. ఆ సూటు మనిషి ఇక వేరే ప్రశ్న అడగలేదు.

వారం తిరక్కుండా బావకి ఖురూజ్ కాగితాలు తయారయ్యాయి. అంటే దేశం వదిలి పోవడమే, మళ్ళీ రావడం ఉండదు. అలా చేయకపోతే ఏజెన్సీ పోతుందని మేనేజరుగారు కఫీల్‌కి నూరిపోశాడు. కఫీల్ చెడ్డవాడు కాడు. బావని పిలిచి కూర్చోబెట్టి, కాఫీ పోసి, ఖర్జూరాల పెట్టె ఇచ్చి, భుజం తట్టి పంపాడు. భుజం తట్టడానికి ఉన్న చెయ్యి అసలు సంగతేమిటని ఫైలు తెప్పించి చూడ్డానికి లేకపోయింది! బావ ఉండనివ్వమని ఎవరినీ బతిమాలలేదు. ఆయన పట్టుకున్నది ఒక్కటే, ఆ కాగితంలో రాసిన కారణం. పని పాడుచేశాడు అని రాశారు. నాతో చదివించుకుని, "పంపిస్తే పంపనియ్. గని ఆ ఒక్క ముక్క తీసెయ్యమనురా. నేను పని పాడుజేసినోణ్ణి గాదు. నా జిందగీల ఎన్నడన్న ఒక్క కట్టె పాడుజేసిన్నా?" అన్నాడు. ఆ మాట మేనేజరుగారికి చెప్పాను, అదొక్కటి మాత్రం చెప్పాను. "రీజన్ కాలమ్ ఖాళీగా వదలకూడదండీ, అది ప్రొసీజర్," అన్నాడు. అండీ అన్న ఆ గొంతు పట్టుకుని గోడకి కొట్టాలనిపించింది. అనిపించింది, అంతే. నా లెటరు మీద సంతకం మర్నాడు అయింది.

మా ఆవిడా, పిల్లా వచ్చారు. పిల్ల ఇక్కడే బడికి పోతోంది. మేనేజరుగారు ప్రమోషన్ మీద రియాద్ వెళ్ళిపోయాడు. ఆ ముప్పై ఒక్క గిటార్లలో కొన్ని ఇప్పటికీ బాగుకి మా దగ్గరికే వస్తుంటాయి. ఏదో ఒక మూల కట్టె విచ్చి ఉంటుంది. బావ అతికించినచోట ఒక్కటీ విడలేదు. బల్ల మీద పెట్టి చూసిన ప్రతిసారీ వాటిని తీసుకెళ్ళి ఆ కంపెనీ నెత్తిన పగలగొట్టాలన్నంత కోపం వస్తుంది. అందులో సగం కోపం ఎవరి మీదో నాకు తెలుసు.

పోయిన సెలవుల్లో అక్కావాళ్ళ ఊరు వెళ్ళాను. బావ ఇప్పుడు తలుపులూ కిటికీలూ చేస్తున్నాడు. అక్క టీ ఇచ్చి లోపలికి పోయాక, ఆయన చిత్రిక పడుతుంటే పక్కన పీట మీద కూర్చుని, ఇన్నాళ్ళూ మింగిన మాట కక్కేశాను. "బావా, ఆ రోజు షీటు నా సొరుగులనే ఉండె. నేను తీస్తే అయిపోతుండె," అన్నాను. ఆయన చిత్రిక ఆపలేదు. "నాకెర్కలేదారా? నువ్వు షీటు రాస్తుంటె నంబర్లు జదివింది నేనే గదా," అన్నాడు. నాకు మతి పోయింది. "మరి నువ్వే ఎందుకు చెప్పలేదు బావా?" అన్నాను. అప్పుడు ఆపాడు. బద్దని ఎత్తి, వంకర ఉందేమోనని ఒక కన్ను మూసి చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"నువ్వు జెప్తవేమో అని సూసిన," అన్నాడు.

టీ తాగమన్నాడు, పిల్ల చదువు గురించి అడిగాడు, బస్సెక్కేదాకా వచ్చి సాగనంపాడు. ఆ గదిలో ఆయన నా వైపు చూసింది మహా అయితే అర నిమిషం. నాలుగేళ్ళు ఎలా పోయాయో పోయాయి గానీ, ఆ అర నిమిషమే నాకు ఇంకా గడవడం లేదు.